నెర్మిన్ ఆంటీ ఇంట్లో ఆదివారం టిఫిన్

మా చిన్నప్పుడు... పార్సిప్పనీ అనే అమెరికా ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్‌లో అమ్మ పోపు పెట్టాలంటే ముందు కిటికీలన్నీ మూసేది. తడి తువ్వాలు తెచ్చి వీధి తలుపు కింద సందులో కుక్కేది. ఆ తర్వాతే బాణలి పొయ్యెక్కేది.

బిల్డింగ్ మేనేజర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది మరి. మా వంట వాసన భరించలేకపోతున్నామని ఎవరో కంప్లైంట్ చేశారట... ఇంకోసారి వస్తే లీజ్ రెన్యూ చెయ్యరట. ఎనభైల మొదట్లో మాట. నాన్న ఆఫీసు, నా స్కూలు అన్నీ అక్కడే.

"రాసింది కింది ఫ్లాట్ ఆవిడే," అని తేల్చేసింది అమ్మ.

కింద నెర్మిన్ ఆంటీ, వాళ్ళాయన ఉండేవారు. టర్కీ నుంచి వచ్చారు. మెట్ల మీద ఎదురైతే ఆంటీ నవ్వేవారు. ఆ నవ్వు కూడా అమ్మకి నచ్చేది కాదు.

"మనం ఇంగువ వేసిన రోజే ఆవిడ కిటికీ తెరుస్తుంది, చూడు," అనేది. నేనూ చూశాను. రెండుసార్లు తెరుచుకుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంకేం సాక్ష్యం కావాలి!

ఒక శనివారం ఆవిడే వచ్చి మా తలుపు తట్టారు. "సండే... బ్రేక్‌ఫాస్ట్. ఆల్ కమ్. ప్లీజ్."

"ఎందుకు పిలిచినట్టు?" ఆ సాయంత్రమంతా అమ్మది అదే మాట.

"టిఫిన్ తినడానికి," అన్నారు నాన్న.

"మీకు తెలీదండీ. మన నోటితోనే ఏదో చెప్పించి మేనేజర్‌కి చేరేస్తుంది." తర్వాత నా వైపు తిరిగి, "ఆవిడ ఏ గిన్నెలోంచి ముందు తింటుందో చూసి, అదే తిను," అంది.

తీరా వెళ్తే... బల్ల మీద ఖాళీ లేదు. జున్నులాంటి తెల్లటి చీజ్, చక్రాల్లా తరిగిన కీరా, టమాటాలు, తేనె, పక్కనే గట్టి మీగడ, చెర్రీ జామ్, నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు... నల్లటి ఆలివ్‌లని నేరేడుపళ్ళనుకుని ఒకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పు కషాయం! మింగలేను, ఉమ్మలేను. 'చెప్పానా' అన్నట్టు చూసింది అమ్మ.

సన్నటి నడుమున్న గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. "పాలెందుకు పొయ్యలేదంటావ్?" అంది అమ్మ గొంతు తగ్గించి.

టమాటా, పచ్చిమిరప, కోడిగుడ్లు కలిపి చేసిన కూర పెనంతో సహా తెచ్చి మధ్యలో పెట్టారు ఆంటీ. కానీ ఆవిడా తినడంలేదు... మమ్మల్నే చూస్తున్నారు.

ఉన్నట్టుండి లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టారు. అదే మేనేజర్. అవే మాటలు. వాళ్ళింట్లోంచి వేపుళ్ళ వాసన వస్తోందట.

"యూ?" అన్నారు ఆంటీ, అమ్మ వైపు చూస్తూ.

అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "నాట్ మీ! నో!" అని, తెలుగులో "నా మీద అనుమానమా? ఎంత మాట!" అంది. తను రెండు నెలలుగా చేస్తున్నదేమిటో ఆ క్షణాన అమ్మకి గుర్తే లేదు. గబగబా పైకెళ్ళి, మా ఉత్తరం తెచ్చి ఆ కాగితం పక్కన పరిచింది.

రెండూ చూసి ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఐ థింక్ యూ... ఐయామ్ సారీ."

అమ్మ "ఐ ఆల్సో," అని కూర్చుంది. పెనం తన వైపు లాక్కుని, రొట్టె తుంచి అద్దుకుని తింది. "ఉల్లిపాయ వేసుంటే ఇంకా బాగుండేది," అంది నాతో.

మర్నాడు నాన్న, ఆ అంకుల్ కలిసి రెండు ఉత్తరాలూ పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళారు. లీజ్ రెన్యూ అయింది. కంప్లైంట్ ఎవరిదో మాత్రం ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం వాళ్ళింట్లో, ఒక ఆదివారం మా ఇంట్లో. ఆంటీ టమాటాలు కోస్తే అమ్మ పట్టుబట్టి ఉల్లిపాయలు తరిగేది. చేతులు వాటి పని అవి చేస్తుంటే, ఇద్దరూ కలిసి బిల్డింగ్‌లో అందర్నీ అనుమానించేవారు.

"ది డాగ్ మ్యాన్?" అనేది అమ్మ.

"నో, నో. థర్డ్ ఫ్లోర్ లేడీ!" అనేవారు ఆంటీ.

మూడేళ్ళ తర్వాత వాళ్ళు వేరే ఊరికి మారిపోయారు. కొన్నాళ్ళు గ్రీటింగ్ కార్డులు వచ్చాయి... తర్వాత అవీ లేవు.

ఇప్పుడు నేనుండేది ఆష్‌బర్న్‌లో. బెల్ మోగితే ఫోన్‌లో చూసి, డెలివరీ అయితే లేవను కూడా లేవను. పక్కింటివాళ్ళ పేరు తెలియదు. వాళ్ళ మీద నాకు ఏ అనుమానమూ లేదు... అనుమానించాలన్నా మనిషి కాస్త తెలిసుండాలి కదా.

మీ పక్కింటివాళ్ళతో మొదటిసారి కలిసి తిన్న రోజు గుర్తుందా? ముందు తలుపు తట్టింది ఎవరు... వాళ్ళా, మీరా?