నూనె లేని తల

ఎనిమిదో తరగతికి స్థిర విద్యుత్తు పాఠం చెప్పే రోజున దారిలో ఒక ప్లాస్టిక్ దువ్వెన కొనుక్కుని బడికి వెళ్తాను. మొన్న దాన్ని ముందు బెంచీ పిల్ల చేతికివ్వబోతూ వంగితే ఆ పిల్ల తలలోంచి షాంపూ వాసన వచ్చింది. కొబ్బరినూనె వాసన కోసం బెంచీల మధ్య ఊరికే రెండుసార్లు తిరిగాను. ఎక్కడా తగల్లేదు.

మా చిన్నప్పుడు చిలకలూరిపేటలో పత్తి రోజులు వచ్చాయంటే ఊరికి ఊరే తెల్లబడేది. పత్తి లారీలు రోడ్డు వారన బారులు తీరేవి, కరెంటు తీగల మీద, తుమ్మ ముళ్ళ మీద, టీ కొట్టు బల్లల మీద, ఆఖరికి క్రిస్మస్‌కు వండి ఆరబెట్టిన అరిసెల మీద కూడా దూది నూగు వాలేది. మా అమ్మ పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసేది. సాయంత్రం మిల్లు వదిలాక ఆడవాళ్ళంతా మా అరుగు మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని, ఒకరి తలలో దూది ఒకరు ఏరుకునేవాళ్ళు. పొడిగాలి రోజుల్లో ఎంత దులిపినా అది చేతులకూ చీరకూ అతుక్కునే ఉండేది. అమ్మ తడిచేత్తో చీర నిమురుకుంటూ, "ఎండిన పత్తికి దెయ్యం పట్టుద్ది, తడి తగిలితే దిగుద్ది" అనేది. నేను నమ్మేదాన్ని.

ఆ దెయ్యం సంగతి ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు చెప్పారు. రెండు వస్తువులను రుద్దితే ఒకదానిలోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానిలోకి వెళ్తాయి, పోగొట్టుకున్నదానికి ధనావేశం, తెచ్చుకున్నదానికి రుణావేశం వస్తుంది, పొడిగా ఉన్నంతసేపు అది నిలిచి కాగితం ముక్కల్నీ దూదినీ లాగుతుంది, తడి తగిలితే జారిపోతుంది. తల్లిదండ్రులు బడికి వచ్చే రోజున దువ్వెన ప్రయోగం చేసి చూపించే పని మాస్టారు నాకు అప్పగించారు. అంతకుముందు బడిలో నాకెవరూ ఏ పనీ అప్పగించలేదు. సంతోషం పట్టలేకపోయాను, కానీ ఒకటే దిగులు. అందరి అమ్మలూ నున్నగా దువ్వుకుని వస్తారు, మా అమ్మ తల చూస్తే చీపురుకట్టే.

"నీకు పని పోద్ది, రాబాకమ్మా" అన్నాను.

"పూట పోతే పోయిందిలే" అంది.

ఆ పొద్దున చలికి పేరుకున్న నూనె సీసాను ఎండలో పెట్టి కరిగించి, నుదుటి మీదికి కారేంతగా నా తలకు పట్టించి, రెండు జడలూ బిగించి కట్టింది.

అందరి ముందూ తలలో పదిసార్లు దువ్వి, దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెట్టాను. ఒక్కటి కదిలితే ఒట్టు. ఇంకో పదిసార్లు దువ్వాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, మాస్టారు గొంతు సవరించుకున్నారు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మ లేచి వచ్చింది. దువ్వెనకంటిన నూనెను కొంగుతో శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చి, ముడి విప్పి, తల వంచింది.

"నా తలలో దువ్వు. నేను నూనె రాయనుగా."

పత్తి రోజుల్లో మిల్లు ఆడవాళ్ళెవరూ తలకు నూనె పెట్టరు. పెడితే దూది జిగురులా పట్టుకుని ఊడిరాదు. ఇది రోజూ చూసేదాన్నే, అయినా నాకు తట్టలేదు. దువ్వుతుంటే చిటపటమంది. దువ్వెన దించానో లేదో కాగితం ముక్కలన్నీ ఎగిరి దానికి అంటుకున్నాయి.

"నూనె పొర అడ్డం ఉంటే ఆవేశం సరిగా పుట్టదు. ఈ అమ్మగారు చెప్పింది రాసుకోండి" అన్నారు మాస్టారు పిల్లలతో. ఏ తల చూసి సిగ్గుపడ్డానో ఆ తలే నా పరువు కాపాడింది. ఆ మాట అమ్మతో అనాలని చాలాసార్లు అనుకున్నాను, అనలేదు.

ఆ మిల్లు ఎప్పుడో మూతబడింది. దూది ఏరుకునే అరుగూ లేదు, అమ్మా లేదు. మొన్న క్లాసులో నా తలలోనే దువ్వి చూపించాను. మొదటిసారికే కాగితం ముక్కలు లేచాయి. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. నా తలకు నూనె పట్టించే మనిషి లేదుగా, లేవక ఏం చేస్తాయి.