వెలుగు గోడల మీదే పడే ఇల్లు

కొత్తగా కడుతున్న చిత్రశాలల్లో కిటికీలు ఉండవు. వెలుగు కప్పులోంచి జారి తెల్లటి గోడల మీదే పడుతుంది. చూసేవాళ్లు నీడలో నిలబడతారు. మొన్న నా కూతురు అలాంటిదొకటి చూపించి, "ఎంత బాగా కట్టారో చూడమ్మా" అంది. చిన్నప్పుడు అలాంటి ఇంట్లోనే నేనొక ఆదివారం ఆరాధనకు పోయాను.

సూర్యాపేట దగ్గర మా ఊరి దొర, తన తాతముత్తాతల నిలువెత్తు పటాల కోసం తానుండే గడి వెనక ఒక సాల కట్టించుకున్నాడు. రజాకార్ల రోజుల్లో మా తాటాకుల ప్రార్థన మందిరం కాలిపోయింది. పోలీసు చర్య తర్వాత దొర పటాలన్నీ బండ్లకెత్తించి హైదరాబాదు చేరాడు. ఖాళీ సాల తాళంచెవి దొర గుమాస్తా మా నాన్న చేతిలో పెట్టాడు. నాన్న మా సంఘానికి ఉపదేశి, పాస్టరు లేని వారాల్లో ఆరాధన నడిపేవాడు. వానలు పడేలోపు సంఘానికొక కప్పు కావాలని ఉపవాసముండి ప్రార్థించిన మనిషి. మిర్యాలగూడ నుంచి పాస్టరుగారు వచ్చి ఆ ఆదివారమే సాలను ప్రతిష్ఠించాలి.

పాట ఎత్తుకునేది నేనే కనుక ముందే వెళ్లి, ప్రభువు రొట్టె పెట్టే బల్ల పక్కన నిలుచున్నాను. బల్ల నట్టనడుమ, నీడలో ఉంది. మసిబారిన గోడల మీద పటాలుండిన చోట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. వెలుగు వాటి మీదే పడుతోంది.

జనం రాసాగారు. గడప దాటగానే మగవాళ్లు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నడుం వంచారు. మొదటి ఖాళీ చోటుకు దండం పెట్టారు. తర్వాత రెండోదానికి. అలా గోడ పొడుగునా. దొర కాలంలో ఊడ్వడానికి పోయినా సరే, ప్రతి పటానికీ దండం పెట్టాకే చీపురు పట్టాలి.

నాన్న ఒక ముసలమ్మను ఆపాడు. "ఎవరికమ్మా దండం? గాడ ఎవ్వరున్నరు?"

"దొరలున్నరు గదయ్యా."

"పటాలు పోయినయి. అది ఉత్త గోడ."

"పటాలు పోతే ఏమయితది? ఎలుగు పోలే గద. నిలబడ్డరు, సూడు."

వెనకున్న ఆమె మరిది నవ్వాడు. "వదినె నడుము గట్లనే బిగుసుకున్నది, ఇగ లేవది!" అన్నవాడే తర్వాతి చోటు ముందుకు రాగానే తానూ వంగాడు.

నేను పాట ఎత్తుకున్నాను. అందరూ బల్లకు వీపు పెట్టి, గోడలకేసి పాడారు. నేను ఆపాక కూడా ఒక చరణం ఆ తెల్లటి చోట్లలోంచి వినిపించింది. బైబిల్లో ఒక ప్రవక్త గోడకు కన్నం తవ్వి చూసిన చీకటి గది, అందులో బొమ్మల ఎదుట ధూపార్తులు పట్టుకుని నిలబడ్డ పెద్దలు నా మనసులో మెదిలారు.

నాన్న వంగి బల్ల ఎత్తాడు. "ఇగ బయటికి నడువుర్రి."

"మబ్బు పట్టింది, జర ఆలోచించు" అన్నారు పాస్టరుగారు.

"తడుస్తం అయ్యగారూ."

జనం కదిలారు. కానీ ఒక్కరూ వెనుదిరగలేదు. గోడలకు వీపు చూపకుండా, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ గడప దాటారు. చినుకుల్లోనే రొట్టె విరిచారు పాస్టరుగారు.

నాన్న తాళం వేసి చెవి గుమాస్తాకిచ్చాడు. "మరి వానలకేం చేస్తవు?" అని గుమాస్తా అడిగేసరికి నాన్న బల్ల నెత్తికెత్తుకున్నాడు. ఆ వానాకాలమంతా ఒక బర్రెల కొట్టంలో బల్ల పెట్టుకున్నాం.