కోరస్‌లో జోకర్

నాటక సంస్థలో ఆమెను అందరూ జోకర్ అనేవారు. నవ్వించే జోకర్ కాదు, పేకముక్కల్లో జోకర్. ఏ ముక్క తక్కువైతే ఆ ముక్క చోట ఇమిడిపోవడమే ఆమె ఉద్యోగం. పదకొండు మంది కోరస్‌లో ఒకరికి జ్వరమొచ్చినా, ఇంకొకరి కాలు బెణికినా, మరొకరికి ఉన్నట్టుండి పిన్నత్తగారి మీద ప్రేమ పుట్టుకొచ్చి ఊరెళ్లినా, ఆ రోజు వాళ్ల దుస్తులు వేసుకుని, వాళ్ల అడుగులు వేసి, వాళ్ల పాట పాడేది. పదకొండు మంది పాటలూ ఆమెకు కంఠతా వచ్చు. అందరూ బుద్ధిగా వచ్చిన రోజు మాత్రం ఆమెకు పని ఉండదు. గ్రీన్‌రూములో ఓ మూల కుర్చీలో కూర్చుని, స్పీకర్లోంచి వచ్చే పాటకు పెదవులు కదుపుతూ, ఒళ్లో కాగితాలు పెట్టుకుని థీసిస్ రాసుకునేది.

థీసిస్ ఉత్తుత్తిది కాదు. పగలు ఆమె యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ఆమె స్నేహితులంతా అక్కడున్నారని ఇక్కడివాళ్లూ, ఇక్కడున్నారని అక్కడివాళ్లూ అనుకునేవారు. రిహార్సల్ అయ్యాక అందరూ టీకి బయల్దేరుతూ "జోకర్‌కి లైబ్రరీ ఉంటుందిలే" అని తామే తేల్చేసేవారు. సెమినార్ అయ్యాక తోటివాళ్లు క్యాంటీన్‌కి పోతూ "పాపం, మీకు రిహార్సల్ కదా" అని జాలిపడేవారు. లేదని చెప్పడానికి ఆమెకు మొహమాటం. రెండు గంటల నాటకం పొల్లుపోకుండా అప్పజెప్పగల మనిషికి "నేనూ వస్తాను" అన్న రెండు మాటలు నోటికి రాకపోవడం ఏమిటో! ఆ మొహమాటాన్ని తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

గొంతు డాక్టరు వారానికో రోజు మాట్లాడకుండా ఉండమన్నాడు. ఆమె సోమవారం ఎంచుకుంది. ఎవరైనా పలకరిస్తే చూపించడానికి 'గొంతుకి విశ్రాంతి, ఏమనుకోకండి' అని ఓ చీటీ రాసి జేబులో పెట్టుకుంది. సాయంత్రం గదికి వచ్చి చూసుకుంటే చీటీ పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. మంగళవారం మాట్లాడొచ్చు, అయినా ఆ రోజూ ఒక్క మాటా లేకుండానే గడిచింది. ఆ సంగతి బుధవారం గుర్తొచ్చి, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కట్టేయకుండా ఏడ్చింది.

గది మూడో అంతస్తులో ఉంది. గొంతెత్తితే పక్కవాళ్లు గోడ మీద కొట్టేవారు. అందుకని బట్టల బీరువా తెరిచి, వేలాడే బట్టల మధ్య తల దూర్చి సాధన చేసేది.

ఆమె థీసిస్ ఊపిరి గురించి. కోరస్ పాడేటప్పుడు ఒకే స్వరం ఎడతెగకుండా సాగుతూ ఉంటుంది. ఏ ఒక్క మనిషి ఊపిరీ అంతసేపు చాలదు. కిటుకేమిటంటే అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోరు. ఒకరు తాళంలో మూడో దెబ్బకి, పక్కామె అయిదో దెబ్బకి మెల్లగా పాటలోంచి తప్పుకుని, గాలి పీల్చుకుని, మళ్లీ చల్లగా వచ్చి కలుస్తారు. తప్పుకున్నంతసేపూ పక్కవాళ్లు మోస్తారు. వినేవాళ్లకి ఆ సందు తెలియనే తెలియదు. ఆమె పదకొండు మందికీ చిన్న మైకులు తగిలించి, ఎవరెక్కడ ఊపిరి తీస్తారో నాలుగేళ్లు కూర్చుని గ్రాఫు గీసింది.

గ్రాఫు చూసి గైడు మేడమ్ అడిగారు.

"పదకొండు గీతలున్నాయి. ఇందులో నీదేది?"

"నాది లేదు మేడమ్. ఎవరు రాకపోతే వాళ్లదే నాది."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఈ మాట థీసిస్‌లో రాయకు" అన్నారు.

ఆమెకు ఉన్నదల్లా ఒక అక్క. బట్టల మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు. మగ్గాల రొదలో అరిచి అరిచి, ఫోన్లో కూడా అవతలివాళ్ల చెవి చిల్లులు పడేలా మాట్లాడేది.

"ఒకళ్లు మానేస్తేగానీ నీకు పని లేదు. అదీ ఒక ఉద్యోగమేనా? వచ్చెయ్యవే. ఆ థీసిస్సేదో ఇక్కడ కూర్చుని రాసుకో. నీకో గది ఖాళీ చేయించాను."

ఈసారి ఆమె సరేనంది. నెలాఖరుకి వచ్చేస్తానని మాటిచ్చింది. నాటకం వదలడం ఇష్టమై కాదు. అందులో తనదంటూ ఏదీ లేనప్పుడు, వదలడానికి మాత్రం ఏముందని.

సరిగ్గా ఆ వారమే, ఆదివారం పొద్దున స్టేజీ మేనేజరు ఫోన్ చేశాడు. "జోకర్, మన నాయికకి గొంతు పూర్తిగా పోయింది. సైగలు చేస్తోంది. మధ్యాహ్నం ఆటకి నువ్వే."

వెళ్లేసరికి దర్శకుడు మేకప్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆవిడ ఇక పాడలేనంటోంది. ఇవాళ నిన్ను చూస్తానమ్మా. నిలబడ్డావంటే ఏడాదంతా ఈ పాత్ర నీదే."

ఏడాదంతా! తన కొలతలకు కుట్టిన దుస్తులు, అద్దం పక్కన తన పేరు, ఒక రోజు తను రాకపోతే "ఏమైంది ఈవిడకి?" అని కంగారుపడే పదిమంది. వెంటనే అక్కకి ఫోన్ చేసింది. అక్క ఎవరినో కాళ్లావేళ్లా పడి షిఫ్టు మార్చుకుని, దొరికిన బస్సెక్కింది.

మొదటి అంకం నల్లేరు మీద నడకలా సాగిపోయింది. రెండో అంకం చివర నాయిక ఒంటరి పాట ఉంది. నాటకం మొదట్లో కోరస్ పాడిన పాటే. ఇప్పుడు పదకొండు మందీ వెనక తలలు వంచుకుని కూర్చుంటారు. ఆఖరి చరణంలో వాయిద్యాలు కూడా ఆగిపోతాయి. ఒక్క గొంతే, ఒక్క స్వరం మీద నిలవాలి.

ఆమె నిండుగా ఊపిరి తీసుకుని స్వరం అందుకుంది. హాలు హాలంతా ఊపిరి బిగబట్టి వింది. అయిదో దెబ్బ దగ్గర, ఏ తొందరా లేకుండా, ఆమె ఆగింది. పెదవులు మూసి మెత్తగా గాలి పీల్చుకుంది. ఊపిరి చాలక కాదు, ఇంకా సగానికి సగం మిగిలే ఉంది. తను తప్పుకుంటే పక్కవాళ్లు మోస్తారని నాలుగేళ్లుగా ఆ ఒంటికి అలవాటైపోయింది.

ఎవరూ మోయలేదు. వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. వినపడకూడని ఆ సందు గురించి రెండు వందల పేజీలు రాసిన మనిషి, అందులోనే పడిపోయి నిలబడింది. ఆ నిశ్శబ్దం తన వల్లేనని తెలియడానికి ఆమెకు ఓ క్షణం పట్టింది. తెలిశాక మళ్లీ అందుకుని, చివరిదాకా పాడింది. చప్పట్లు బాగానే కొట్టారు. నాయిక దుఃఖంతో ఆగిందనుకుని కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

దర్శకుడు ఆ కొందరిలో లేడు. గ్రీన్‌రూముకి వచ్చి, కోప్పడకుండా అడిగాడు. కోప్పడినా బాగుండేది.

"ఊపిరి చాలలేదా?"

"చాలిందండి."

"మరెందుకు ఆగావు?"

"పక్కన ఎవరో ఉన్నారనుకున్నాను."

"గొంతు బంగారం నీది. కానీ ముందు నిలబడే మనిషి అలా అనుకోకూడదమ్మా. వేరేవాళ్లని చూస్తాను. కోరస్‌లో నీ చోటు ఎక్కడికీ పోదులే" అని భుజం తట్టి వెళ్లాడు. కోరస్‌లో ఆమెకు చోటే లేదన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

దుస్తులు విప్పి, మడతపెట్టి, ముఖం కడుక్కుని వెనక గుమ్మంలోంచి బయటికొచ్చింది. మెట్ల కింద అక్క చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"పోయిందక్కా. పాత్ర నాకివ్వరట."

అక్క సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. జీవితంలో మొదటిసారి, పక్కనున్నవాళ్లకి కూడా వినపడనంత చిన్నగా మాట్లాడింది.

"చివర్లో పాట మధ్యలో ఆగావు చూడు."

"ఊఁ."

"నేను అందుకుందామని లేచానే. నోరు కూడా తెరిచాను. వెనకాయన కూర్చోమని కసిరాడు. అయినా నాకు పాటెక్కడ వచ్చు?"