మంచు కింది తోట

శాలేము రాజుగారు పొద్దున్నే లేచి, పెరట్లో తొట్టి నీళ్లలో కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి ప్రార్థన చేసేవారు. డిసెంబరులో మా మదనపల్లె చలికి వేళ్లు కొంకర్లు పోయినా, ఆమెన్ అనేదాకా చెయ్యి తీసేవారు కాదు.

"నీ సముద్రం బిడ్డలు బాగుండారా?" అని భార్య జ్ఞానమ్మ ఎగతాళి చేసేది. చేస్తూనే ఆ చేతిని తన చెంగుతో తుడిచేది.

ఆయన వెల్డరు. మా వీధిలో ఎవరి గేటు విరిగినా అడక్కుండానే వచ్చి అతికించి పోయేవారు. ఆ పని మీదే రెండుసార్లు అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రానికి వెళ్లారు. అక్కడ శాస్త్రవేత్తలు మంచుకు రంధ్రం చేసి సముద్రంలోకి కెమెరా దించితే, తాడు పట్టింది ఈయనే. మొదటిసారి తెర మీద తోటే కనిపించిందట. కూజాలంత స్పాంజి జీవులు, ఈకల్లా ఊగేవి ఏవో, వాటి మధ్య నక్షత్ర చేపలు. ఎవరూ చూడని చోట కూడా దేవుడు ఇంత అలంకారం చేశాడే అని కళ్లనీళ్లు పెట్టుకున్నానని చెప్పేవారు.

రెండోసారి అదే చోట దించితే తోట లేదు. నేలంతా దున్నినట్టు చాళ్లు. ఆయన తల్లిది రామకుప్పం, అడవి ఏనుగులు రాత్రికి రాత్రే రాగి చేలు తొక్కేసిపోయే ఊరు.

"ఏనుగులు పడినాయి సార్!" అనేశారు.

అందరూ నవ్వారు. తర్వాత ఒకాయన నిదానంగా చెప్పాడు. సముద్రం మీద గడ్డకట్టిన మంచు ఇదివరకు మంచుకొండలను కదలనిచ్చేది కాదు. ఇప్పుడు వేడికి అది తొందరగా విడిపోతోంది. కొండలు కొట్టుకొచ్చి, నీళ్లలో మునిగిన అడుగుభాగంతో సముద్రపు నేలను గీకేస్తున్నాయి. రాగి చేనైతే మరుసటేడు మళ్లీ వేసుకోవచ్చు. ఆ తోట ఎదగడానికి మనిషి జీవితకాలం చాలదు.

అప్పటినుంచే ఈ తొట్టి ప్రార్థన.

పోయినేడు గుండె బలహీనపడి, ఇక ప్రయాణాలు వద్దన్నారు డాక్టర్లు. ఆ వారమే పుంగనూరు శివకుమార్, కరెంటు పనికి ఆ అంటార్కిటికా కేంద్రానికే ఎంపికై, ఏమేం తీసుకుపోవాలో అడగడానికి వచ్చాడు. రాజుగారు తన ఉన్ని మేజోళ్లు వాడి చేతిలో పెట్టి, ఆ చోటి గుర్తులు చెప్పారు.

"ఆడ కెమెరా దించినప్పుడు సూడప్పా. చాళ్ల అంచున బొటనవేలంతదైనా ఒకటి లేసిందేమో."

"అన్నా, నేను వైర్లు సూసేదానికి పోతాండానా, తోట సూసేదానికా?" శివకుమార్ నవ్వాడు. "సరేలే, ఏడాదికి వస్తా గదా, వచ్చినాక అంతా చెప్తా."

"అందాకా నేనుంటానో లేదో. సూసిన దినమే ఫోన్ జెయ్. లేకుంటే లేదనే చెప్పు, బాధపడతానని కతలు జెప్పొద్దు." రాజుగారు గుమ్మంలో నిలబడ్డ జ్ఞానమ్మ వైపు చూశారు. "నేను పలక్కపోతే మీ వదినకు చెప్పు. దేనికోసం ప్రార్థన చెయ్యాలో ఆమెకు తెలియాల గదా."