గుంటకు వంద గజాలు

హాజరైనవారు: బాపు, అమ్మ, నేను, సైనిక్‌పురి నుంచి చిన్నాయన, ఆయన వెంటబెట్టుకొచ్చిన భూముల బ్రోకరు. వస్తువులు: ఐదు కుర్చీలు, వాటిలో రెండు పక్కింటివి, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు, గోంగూర, పాలకూర కుక్కిన రెండు సంచులు, రెండూ చిన్నాయన కారులోకి వెళ్లాల్సినవే, టీపాయ్ మీద కొనేవాళ్లు అడ్వాన్సుగా పంపిన బయానా డబ్బున్న ఖాకీ కవరు. చిలకలగూడలో మా ముందుగదికి అంతకు మించి పట్టదు.

శామీర్‌పేట అవతల మాకు ఎకరన్నర ఉండేది, అంటే అరవై గుంటలు. బాపు అక్కడ ఆకుకూరలు పండించి ట్రాలీ ఆటోలో మోండా మార్కెట్‌కు తెస్తాడు. చిన్నాయన తన వాటా ఏనాడో అమ్ముకుని సైనిక్‌పురిలో మూడు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్నాడు. అప్పటినుంచే ఆయనకు వ్యవసాయం మీద ప్రేమ పెరిగింది. ఫోనులో వీడియోలు చూసి, బాపుతో బ్యాంకు అప్పు తీయించి, పాలీహౌస్ వేయించింది ఆయనే. అందులో రంగురంగుల క్యాప్సికం పండాలి. రెండో వేసవి గాలిదుమారానికి ప్లాస్టిక్ కప్పు చిరిగి పక్కవాళ్ల తుమ్మచెట్లకు వేలాడింది. వీడియోలో చెప్పినట్టు బాపు చేయలేదని చిన్నాయన తేల్చాడు.

కిస్తీలు ఆగాయి. భూమి వేలం వేస్తామని బ్యాంకు నోటీసు పంపింది. కొంత అమ్మితేనే మిగతాది దక్కుతుంది. ఎంత అమ్మాలన్నది తేల్చడానికే ఆ కుర్చీలన్నీ.

"పార్టీ మంచోళ్లు సార్," అన్నాడు బ్రోకరు. "శనివారం, ఆదివారం వచ్చి చల్లగాలికి కూసుంటరు, పోతరు. రోడ్డుదిక్కు పన్నెండొందల పది గజాలు ఇయ్యుండ్రి, మీ బ్యాంకు సాఫ్."

బాపు జన్మలో భూమిని గుంటల్లో తప్ప కొలవలేదు. గజాలు ఆయన దృష్టిలో చీరల కొలత.

"గుంటలల్ల చెప్పు తమ్మీ," అన్నాడు.

"నేను చెప్త అన్నా," అంటూ చిన్నాయన ముందుకు జరిగాడు. "గజాల సంగతి నాకన్న ఎవలకు తెలుసు?"

ఫోను తీసి వందతో భాగించాడు. వందతో భాగించడానికి ఆయనకు ఫోను కావాలి.

"పన్నెండు గుంటలు, పైన జెర చిల్లర. పన్నెండున్నర రాసుకొమ్మను, రౌండ్ ఫిగర్."

బ్రోకరు బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది మెత్తబడేదాకా దాన్నే చూశాడు. గుంటకు ఎన్ని గజాలో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తిన్నాక, "పన్నెండున్నర ఓకే సార్. సాగు భూమి గదా, కాయితం సుత గుంటలల్లనే అయితది," అన్నాడు.

నేను సివిల్ డిప్లొమా చదివి, ఒక ఆఫీసులో సర్వే పటాలు గీస్తుంటాను. మా ఇంట్లో దాన్ని బొమ్మలు గీసే ఉద్యోగం అంటారు.

"బాపూ, గుంటంటే వంద గజాలు కాదు, నూట ఇరవై ఒకటి. పది గుంటలిస్తే పన్నెండొందల పది అయిపాయె," అన్నాను.

చిన్నాయన మొహం ఎర్రబడింది. "ఏందిరా, రెండు గుంటల కోసం బయటోళ్ల ముంగట ఇజ్జత్ తీస్తవా?"

"ఇజ్జత్ ఎన్ని గజాలు చిన్నాయనా?"

బ్రోకరు నవ్వు ఆపుకున్నాడు. "బాబు చెప్పింది కరెక్టే. మీకు ఎర్కే అనుకున్న సార్."

"మరి గింతసేపు నోట్లె బిస్కెట్ ఉండెనా?" అంది అమ్మ.

బాపు ఈ మాటలేవీ పట్టించుకోలేదు. నన్ను ఒక్కటే అడిగాడు: "బోరు ఎటుదిక్కు పడ్తది?"

మేము మూడు బోర్లు వేస్తే నీళ్లు పడింది ఒక్కదాంట్లోనే. అది రోడ్డు నుంచి నూట ఇరవై రెండు అడుగుల లోపల ఉంది. మా పొలం వెడల్పుకు పది గుంటలంటే హద్దు నూటపది అడుగుల దగ్గర ఆగుతుంది. పన్నెండున్నర అయితే నూట ముప్పై ఏడు దాటుతుంది.

"పది అయితే మనదిక్కు. పన్నెండున్నర అయితే వాళ్లదిక్కు."

నీళ్లు లేని భూమిలో గోంగూర మొలవదు. ఏడాది తిరక్కుండా మిగతాది కూడా అమ్మకానికి పెట్టేవాళ్లం. చిన్నాయన ఇదే బ్రోకరును ఇదే కుర్చీలో కూర్చోబెట్టేవాడు, ఇంకో రౌండ్ ఫిగరుతో. కుట్ర చేసి కాదు. కుట్రకైనా కాస్త లెక్క రావాలి.

బాపు ఖాకీ కవరును బ్రోకరు వైపు నెట్టాడు.

"పది అని రాయి. గప్పుడు తీస్కుంట."

"పార్టీ ఒప్పుకోదేమో పటేలా."

"గజాలకే గదా పైసలిచ్చేది? వాళ్ల గజాలు వాళ్లకొచ్చినయి."

బ్రోకరు బయటికెళ్లి ఫోను చేసి వచ్చి, పది అని రాశాడు. బాపు కవరు అందుకున్నాడు. చిన్నాయన మాత్రం, "నేను చెప్పింది సుత అదే, జెర అటూఇటూ," అన్నాడు. లేచి వెళ్లేటప్పుడు సంచులు మరచిపోలేదు. రెండోదాన్ని కారుదాకా నాతోనే మోయించాడు.

బ్యాంకు అప్పు తీరింది. హద్దురాళ్లు పాతిన రోజు టేపు నేనే పట్టుకున్నాను. బోరు మా వైపు పన్నెండు అడుగుల లోపల ఉంది. బాపు పేరు మీద పాసుపుస్తకంలో ఇప్పుడున్నది ఒక ఎకరం పది గుంటలు.