పప్పుమిల్లులో తర్జుమా

నవ్వితే నవ్వండి, ముందే చెబుతున్నాను. నోటికాడికి వచ్చిన కూడు నోటితోనే పోగొట్టుకున్నాను. అయినా నేను అడిగింది తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను.

రోజూ రేపల్లెలో పాసింజరెక్కి తెనాలి పప్పుమిల్లుకు వెళ్లే గుమాస్తాను నేను. చదివింది పదో తరగతి. కుర్రతనంలో ఎనిమిదేళ్లు నాగపూర్‌లో వాచ్‌మన్‌గా చేశాను కాబట్టి హిందీ వచ్చు. మిల్లుకు ఉత్తరాది వాళ్లెవరు వచ్చినా, ఫోను చేసినా "దానియేలూ, ఇటు రా" అని పిలుపు. ఇటు వెళ్లినప్పుడల్లా నా పని అటే ఉండిపోతుంది. అది ముగించుకునేసరికి నా బండి వెళ్లిపోతుంది.

అందుకే యజమాని రామకోటయ్య గారిని నిలబెట్టి అడిగేశాను.

"రెండు భాషల పని చేయిస్తున్నారు. జీతంలో దానికి కొంత ఎక్స్‌ట్రా కలపండి."

"భాష నీ నోట్లోనే ఉందిగా దానియేలూ! నీకు ఖర్చేముంది?"

"మీ లారీ కూడా మీ షెడ్డులోనే ఉందండి. బాడుగ లేకుండా ఎవరికన్నా ఇస్తారా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "శుక్రవారం మినపపప్పు కోసం కొత్త సేఠ్ వస్తున్నాడు. పెద్ద ఆర్డరు. పక్కనుండి మాట్లాడించు. బేరం కుదిరితే ఒకటో తారీఖు నుంచి కలుపుతా."

రైల్లో ఈ మాట చెబితే, రోజూ నాతోపాటే వచ్చే టైలరు మస్తాన్ ఒకటే ఎగతాళి. "పుట్టినకాడి నుంచి ఉర్దూ, తెలుగూ రెండూ మాట్లాడుతున్నా అన్నాయ్. జాకెట్టుకి ఎవరన్నా పది రూపాయలు ఎక్కువిచ్చారా?"

"నువ్వు అడగలేదు. నేను అడిగాను" అన్నాను.

ఇక్కడ నా శిక్షణ సంగతి చెప్పాలి. బాపట్లలో మా చర్చి మీటింగులకు హిందీ ప్రసంగీకుడు వస్తే, మూడేళ్లపాటు పక్కన నిలబడి తర్జుమా చేసింది నేనే. మా పాస్టరుగారు మొదటి రోజే చెప్పారు: "తర్జుమా చేసేవాడికి సొంత నోరు ఉండదు. ఆయన చెయ్యెత్తితే నువ్వూ ఎత్తు. ఆయన కేకేస్తే నువ్వూ కేకెయ్యి. ఒక్క మాట మింగావా, అది దొంగతనమే." ఆ మాట నేనెన్నడూ తప్పలేదు.

శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. సేఠ్‌కో కుర్చీ, యజమానికో కుర్చీ, నాకూ ఒకటి వేశారు.

"కూర్చోవయ్యా."

"తర్జుమా కూర్చుని చేయరండి" అని యజమాని పక్కన నిటారుగా నిలబడ్డాను.

మొదట భలే సాగింది! యజమాని "మా పప్పు వెన్నపూస" అంటూ రెండు వేళ్లు కలిపి చూపించారు. నేనూ వేళ్లు కలిపి చూపిస్తూ హిందీలో చెప్పాను. సేఠ్ తలూపాడు. టీలు వచ్చాయి. ఒకటో తారీఖు నా కళ్లెదుటే తిరుగుతోంది.

అప్పుడు యజమాని, నవ్వు చెదరకుండా, సేఠ్ వంకే చూస్తూ నాతో తెలుగులో అన్నారు: "వీడు ఉత్త పిసినారిలా ఉన్నాడు. మాటల్లో పెట్టు. ఆ వెనక వరస బస్తాల దగ్గరికి పోనియ్యకు, అది నిరుటి సరుకు."

అని ఆగారు. ఆగితే నా వంతు. మూడేళ్ల అలవాటు! అదే నవ్వుతో, చివరి బెంచీ వాళ్లకి కూడా వినిపించేలా, ఒక్క మాట మింగకుండా మొత్తం హిందీలో చెప్పేశాను. "ఆ వెనక వరస" అన్నచోట చెయ్యి కూడా చాపాను.

సేఠ్ టీ గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. యజమానికి వేలు చూపిస్తూ అరిచాడు.

"ఏంటి? ఏమంటున్నాడు?" యజమాని కంగారు.

నేను యజమాని వైపు తిరిగి, వేలు చూపించి, అంతే గట్టిగా అన్నాను: "నువ్వు దొంగవి! నీ మిల్లుకు తాళం పడ!"

బయట హమాలీలు పని ఆపేశారు.

"నువ్వు మనిషివా, లౌడ్‌స్పీకర్‌వా?" అన్నారు యజమాని. ఏమన్నాడని సేఠ్ నన్నే అడిగాడు. అడిగితే చెప్పకుండా ఉంటానా? "నేను మనిషినా, లౌడ్‌స్పీకర్‌నా అని అడుగుతున్నారు" అని చెప్పాను. దాంతో సేఠ్ నా మీద పడ్డాడు. తనను నవ్వుతూ పిసినారి అన్నది నేనే కదా! ఇటు యజమాని, అటు సేఠ్, ఇద్దరూ ఒకేసారి. ఒకరి తిట్లు ఒకరికి అందించేసరికి నా గొంతు పోయింది.

సేఠ్ కారెక్కి వెళ్లిపోయాడు. నా ఎక్స్‌ట్రా కూడా ఆ కారులోనే వెళ్లింది.

మర్నాడు రైల్లో మస్తాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ పాత సరుకు ముక్కొక్కటి మింగేస్తే ఏం పోయేది అన్నాయ్?"

"పాత పప్పుని కొత్తదని అంటగట్టడం తప్పు. పైకి చెప్పడం తప్పు కాదు."

"అయితే కావాలనే చెప్పావా?"

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. "లేదు. నోరు జారింది" అన్నాను. బోగీ బోగీ అంతా నవ్వింది.

అయినా వేళకే మిల్లుకు వెళ్లాను. నేరుగా యజమాని ముందు నిలబడ్డాను.

"ఎక్స్‌ట్రా సంగతి ఏం చేశారండీ?"

"ఇంత జరిగాక కూడా అడుగుతున్నావా?"

"ఇంత జరిగింది కాబట్టే అడుగుతున్నానండి. నిన్న మీరు తెలుగులో తిట్టారు. సేఠ్ హిందీలో తిట్టాడు. ఒక్క భాషే వచ్చినవాడికి అందులో సగమే తగిలేవి. రెండు వైపులా పూర్తిగా అర్థం చేసుకుని తిట్లు తిన్నది మిల్లు మొత్తానికి నేనొక్కణ్ణే. దానికైనా ఎక్స్‌ట్రా ఇవ్వాలా, వద్దా?"