కంచాలు మోగిన ఏడాది

మొన్న టీవీలో ఎవరో పెద్దమనిషి, 2020ని తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుందన్నాడు. కరోనా వేళ దేశమంతా ఒక్కటై కంచాలు మోగించిందట. రిమోటు విసిరికొట్టాను. నాకు పులకరించలేదు, ఒళ్ళు మండింది.

ఎందుకంటే నేనూ మోగించాను. చోడవరంలో మా వీధిలో ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా మోగించింది నేనే. మా అమ్మ తిన్న కంచు కంచం అటక మీంచి దింపి, గరిటతో బాదితే అంచు పగిలింది. పగిలినా ఆపలేదు. ఎదురింటి మేష్టారు ఫోటో కూడా తీశారు. మా అక్క ఆశా వర్కరు. ఈ మోతంతా అలాంటివాళ్ళ కోసమే కదా అని తెగ పొంగిపోయాను. అక్క మాత్రం అక్కడ లేదు. ఊళ్ళోకి ఎవరెవరు ఎక్కణ్ణించి వచ్చారో ఇంటింటికీ తిరిగి రాసుకుంటోంది.

రెండు నెలలు తిరక్కుండానే మా వీధి అసలు రంగు బయటపడింది. అక్క వీధి చివర ఒంటిగదిలో అద్దెకుండేది. రోగమున్న ఇళ్ళకి వెళ్ళొస్తోందని మొదట కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వలేదు. తరవాత అక్క సామాను ఇంటావిడ అరుగు మీద పడేసి గదికి తాళం వేసేసింది. కంచం మోగించినవాళ్ళలో ఆవిడా ఉంది. ఇదేం అన్యాయమని ఒక్కరు అడిగితే ఒట్టు!

మిట్టమధ్యాహ్నం అక్క మూట పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

"ఒరే, నాలుగ్రోజులుంతాన్రా. పెరట్లో పడుకుంతాను."

నేను గేటు తియ్యలేదు.

"అక్కా, ఇంట్లో చదువుకునే గుంట ఉంది గదా... ఏటీ అనుకోకు."

"ఏటనుకుంతాన్లే," అని వెనక్కి తిరిగింది.

ఇక ఆ ఇంటావిణ్ణి తిట్టడానికి నాకు నోరెక్కడిది? గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. అందుకే ఈ మంట.

వడ్డాది దారిలో, చెరుకుతోట మధ్య, తెలిసినవాళ్ళ మోటారు షెడ్డులో అక్క నెల్లాళ్ళు ఉంది. అక్కణ్ణించే డ్యూటీకి నడిచి వెళ్ళింది. నేను కేరేజీ గట్టు మీద పెట్టి, దూరం నుంచి కేకేసి వచ్చేసేవాణ్ణి. కుక్కకైనా అంతకంటే దగ్గరికెళ్ళి పెడతాం.

ఏడాది చివర, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని ఆ సంవత్సరపు ముఖ్య సంఘటనలతో చార్టు చేసి తెమ్మన్నారు. లాక్‌డౌన్, వలస కూలీల నడక, విశాఖ గ్యాస్ లీకు, అన్నీ అంటించి, మధ్యలో మేష్టారు తీసిన నా ఫోటో పెట్టింది. కింద "ఆరోగ్య కార్యకర్తలకు మా వీధి వందనం" అని రాసింది. అప్పటికి అక్క వేరే వీధిలో గది చూసుకుంది. మా ఇంటికి వచ్చినప్పుడు ఆ చార్టు చూసింది.

"అమ్మ కంచం గదరా ఇది," అంది. ఫోటోలో పగులు మీద వేలు పెట్టింది. "పగిలిపోయినదాకా కొట్టేవు. ఎవుల కోసరంరా కొట్టేవు?"

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ ఏదో ఒక మాట అనేసి బయటపడేవాణ్ణి.

చార్టుకి బళ్ళో మొదటి బహుమతి వచ్చింది. స్టీలు కంచం. అమ్మాయి సంబరపడిపోయి, ఆ ఆదివారం అత్తకి అందులోనే అన్నం పెట్టింది. అక్క తిని, మా ఆవిడ అడుగుతున్నా ఇవ్వకుండా, తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.